అయిదు నిమిషాల వాక్యం చెప్పాలి: మన వైజాగ్ జీవితంలోంచి ఏం తీసుకోవచ్చు?

సీతమ్మధార_చెల్లి
ఏప్రిల్ 26, రాత్రి 9:12

అందరికీ వందనాలు. మా సంఘంలో శుక్రవారం స్త్రీల కూడికలో అయిదు నిమిషాలు బైబిల్ వాక్యం చెప్పమని అమ్మగారు (పాస్టరుగారి భార్య) నాకు అప్పజెప్పారు. మే నెలంతా నాదే. అంశం కూడా ఆవిడే ఇచ్చేశారు: "మన చుట్టూ ఉన్నవాటిలో దేవుడు నేర్పే పాఠాలు". విత్తనం, పొలం, ద్రాక్షతోట, గొర్రెలు అన్నీ నాకంటే ముందు చెప్పినవాళ్లు ఊడ్చిపెట్టేశారు. పైగా నేను పుట్టి పెరిగిందంతా అపార్ట్‌మెంట్‌లోనే. గొర్రెని దగ్గరగా చూసింది ఆదివారం మటన్ కొట్టు ముందే!

మీ పనిలోనో, వంటింట్లోనో, రోడ్డు మీదో మీకు నిజంగా తగిలినవి ఉంటే చెప్పండి. ఒక్కటే షరతు, లైట్‌హౌస్ వద్దు. డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ గురించి ఇప్పటికి ముగ్గురు చెప్పారు. అందులో ఒకావిడ రెండుసార్లు.

దేవుని_బిడ్డ_77
ఏప్రిల్ 26, రాత్రి 9:30

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్!! ఇది చెప్పండి, అందరూ కన్నీళ్లు పెట్టుకుంటారు. పక్షిరాజుకి నలభై ఏళ్లు వచ్చేసరికి ముక్కు వంగిపోతుంది, గోళ్లు పనికిరావు, రెక్కలు బరువెక్కుతాయి. అప్పుడది కొండ మీదికి వెళ్లి, ముక్కుని రాతికేసి కొట్టి ఊడగొట్టుకుంటుంది. కొత్త ముక్కు వచ్చాక దాంతో గోళ్లు పీకేసుకుంటుంది. కొత్త గోళ్లతో ఈకలు పీకేసుకుంటుంది. అయిదు నెలల తర్వాత మళ్లీ కొత్తగా ఎగిరి ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుంది. కీర్తన 103:5. ఆమేన్ అనేవాళ్లు పదిమందికి పంపండి.

జాలారిపేట_వల
ఏప్రిల్ 26, రాత్రి 10:05

నాన్న చెప్తుంటే నేను టైపు చేస్తున్నాను. ఆయన మాటలే ఇవి.

బాబూ, మా హార్బర్‌లో రోజూ గద్దలే కదా. బోటు దిగి చేప తీసి పక్కన పెడితే చాలు, తల తిప్పేలోగా ఎత్తుకుపోతాయి. నలభై ఏళ్లుగా చూస్తున్నాను. ముక్కు లేని గద్దని ఒక్కదాన్నీ చూడలేదు. ముక్కు లేకపోతే అది అయిదు నెలలు ఏటి తింటాది?

గోపాలపట్నం_మాస్టారు
ఏప్రిల్ 26, రాత్రి 10:40

జాలారిపేట వారి ప్రశ్నతోనే ఆ కథ తేలిపోయింది. పక్షి జాతులేవీ అలా చెయ్యవు. గద్దలైనా డేగలైనా ఈకలు రాల్చుకుంటాయి, అదీ ఒక్కసారిగా కాదు, ఎగరడానికి అడ్డం రాకుండా కొన్ని కొన్నిగా. ముక్కూ గోళ్లూ అరుగుతూ పెరుగుతూ ఉంటాయి. కీర్తనకారుడు "పక్షిరాజు యౌవనము" అని ఒక్క మాట అన్నాడు, అంతే. ముక్కు ఊడగొట్టుకోవడం మనం తగిలించిన తోక.

చెల్లెమ్మా, ఇక్కడే ఒక మాట చెప్తాను. పాఠం ఎంత గొప్పదైనా, దాన్ని మోసే వస్తువు అబద్ధమైతే వినేవాళ్లలో ఎవరో ఒకరికి ఆ వస్తువు గురించి తెలిసే ఉంటుంది. వాళ్లు ఆ తర్వాత మీరు చెప్పే సిలువ గురించి కూడా అనుమానంగానే వింటారు. ప్రభువు చెప్పిన ఉపమానాలు చూడండి. విత్తేవాడు, పుల్లని పిండి, వల. ఆ పని చేసేవాడు విని "అవును, మాకూ ఇలాగే అవుతుంది" అనేలా ఉంటాయి. ఎక్కడైనా వింత ఉంటే అది కథలోని మనిషి చేసేదాన్లో ఉంటుంది. తొంభై తొమ్మిది గొర్రెల్ని వదిలి ఒకదాని కోసం వెళ్లడం లాగ.

మూడు_కుంచాలు
ఏప్రిల్ 27, ఉదయం 6:50

మాస్టారు పుల్లని పిండి పేరెత్తారు కాబట్టి నా వంతు. నా పేరు కూడా అక్కడిదే, మత్తయి 13:33. ఒక స్త్రీ పుల్లని పిండి తీసుకుని మూడు కుంచాల పిండిలో దాచిపెడితే అదంతా పులిసి పొంగిందని ప్రభువు చెప్పిన ఉపమానం.

మా అమ్మమ్మది అనకాపల్లి దగ్గర పల్లె. వాళ్లింట్లో ఇత్తడి కుంచం ఉండేది. నాలుగు మానికలు పోస్తే ఒక కుంచం. చిన్నప్పుడు ఈ ఉపమానం వింటే నాకు ఆ కుంచమే కళ్ల ముందుకొచ్చేది. పెద్దయ్యాక బైబిల్ క్లాసులో చెప్పారు, ప్రభువు వాడిన కొలత మన కుంచం కంటే చాలా పెద్దదట, మూడూ కలిపితే దాదాపు 40 లీటర్లట. అంటే ఆవిడ ఇంట్లోవాళ్ల టిఫిన్‌కి కలపలేదు. పెళ్లికి సరిపడా కలిపింది! ఒక్క మనిషి, చేత్తో. ఆ జబ్బలు ఎంత నొప్పెట్టి ఉంటాయో అని ఇప్పటిదాకా ఏ అయ్యగారూ చెప్పలేదు.

ఇంకోటి. మే నెలలో మన ఉక్కపోత తెలుసుగా. రాత్రి పదింటికి రుబ్బి గట్టు మీద పెడితే తెల్లారేసరికి మూత లేచిపోయి పిండి కిందికి కారి ఉంటుంది. అదే క్రిస్మస్ సెలవులకి మా ఆడపడుచు వాళ్లింటికి పాడేరు వెళ్లినప్పుడు, పొద్దున ఎనిమిదైనా పిండి ఉలుకూ పలుకూ లేదు. దుప్పటి కప్పాం. పొయ్యి పక్కన పెట్టాం. చివరికి పక్కింటావిడ ముందురోజు పిండి గరిటెడు తెచ్చి కలిపింది. మధ్యాహ్నానికి కదిలింది. ఆ కాలంలో పుల్లని పిండి అంటే ఇదే, కొట్లో కొన్న ఈస్ట్ పొట్లం కాదు. నిన్నటిదాంట్లోంచి తీసి దాచిన ముద్ద. అంటే ఎవరో ఒకరు నిన్న మొత్తం వాడేయకుండా ఉంచాలి.

ఇక్కడిదాకా బాగుంది కదా. కానీ అదే పిండిని ఇంకో రెండు రోజులు బయట ఉంచండి, పుల్లట్లకి కూడా పనికిరాదు. మత్తయి 16:6లో పరిసయ్యులనే మతపెద్దల పుల్లని పిండి (అంటే వాళ్ల బోధ) గురించి జాగ్రత్త అన్నదీ ఆ ప్రభువే. పొంగడానికీ పాడవడానికీ కారణం ఒకటే. ఇందులోంచి ఏ పాఠం తియ్యాలో నాకు తెలీదు. రెండూ నిజమే.

రాత్రి_డ్యూటీ
ఏప్రిల్ 27, ఉదయం 8:15

ఇప్పుడే డ్యూటీ దిగాను, నిద్ర రావట్లేదు, అందుకే రాస్తున్నాను. నర్సుని. ఏ ఆసుపత్రి అన్నది అనవసరం.

కీర్తన 130:6. కావలివారు ఉదయం కోసం కనిపెట్టడం (ఎదురుచూడడం) కంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అని. ఆ మాట అక్కడ రెండుసార్లు ఉంటుంది. నర్సింగ్‌కి రాకముందు, పాట కుదరడం కోసం రెండుసార్లు రాశారేమో అనుకునేదాన్ని.

రాత్రి డ్యూటీలో మూడున్నర నుంచి అయిదు దాకా ఉండే గంటన్నర వేరే లోకం. మొదటిసారి గడియారం చూస్తే 3:40. బీపీలు చూసి, సెలైన్ మార్చి, రిజిస్టర్ రాసి, ఎవరికో మంచినీళ్లు తాగించి మళ్లీ చూస్తే 3:55. అప్పుడు లోపల ఆ మాట రెండోసారి వస్తుంది. పాట కోసం కాదు.

కావలివాడు ఉదయాన్ని తీసుకురాడు. తొందరపెట్టలేడు కూడా. వాడి పని మెలకువగా ఉండడం, అంతే. కొత్తలో నేను ప్రతి పేషెంటునీ నేనే బతికించాలన్నట్టు పరుగెత్తేదాన్ని. తప్పులు కూడా అప్పుడే ఎక్కువ చేశాను. ఒకసారి కంగారులో ఒక బెడ్ మాత్రలు పక్క బెడ్ ట్రేలో పెట్టాను. సీనియర్ సిస్టర్ చూసి ఆపింది. ఏమీ తిట్టలేదు. "కూర్చుని నీళ్లు తాగు, తెల్లారుతుందిలే" అంది.

ఇంతే. దీన్ని అయిదు నిమిషాలు చెయ్యగలరో లేదో.

వాల్తేరు_సందేహం
ఏప్రిల్ 27, మధ్యాహ్నం 1:20

నేను కొంచెం అడ్డం మాట్లాడతాను, ఏమనుకోవద్దు.

నాకు ఈ "ప్రతిదాంట్లో పాఠం" అంటేనే చిరాకు. రుషికొండలో మా ఆఫీసుకి వెళ్తూ మద్దిలపాలెం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అది ఓర్పు పాఠం. మొబైల్ చార్జింగ్ అయిపోతే అది ప్రార్థన పాఠం. లిఫ్ట్ ఆగిపోతే దానికో వచనం. చార్జింగ్ అయిపోయింది, అంతేనండి! చార్జర్ మర్చిపోయాను.

చిరాకుకి అసలు కారణం వేరే. రెండేళ్ల కింద మా అమ్మ పోయినప్పుడు, పెట్టె మూయకముందే ఒక పెద్దమనిషి లేచి నిలబడి, అక్కడ పెట్టిన పూలదండ చూపించి, "పొద్దున వికసించిన ఈ పువ్వు సాయంత్రానికి..." అని మొదలుపెట్టాడు. ఆయన మంచివాడే. తప్పు కూడా చెప్పలేదు, కీర్తనల్లో ఉన్నదే. కానీ నాకక్కడ మా అమ్మ కనిపిస్తోంది, ఆయనకి ఉదాహరణ కనిపిస్తోంది. ఆ తర్వాత నాలుగు నెలలు మందిరానికి వెళ్లలేదు.

గోపాలపట్నం_మాస్టారు
ఏప్రిల్ 27, మధ్యాహ్నం 2:05

బాబూ, నువ్వన్నది అడ్డం కాదు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు ఆ పుస్తకంలో చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక పాడైంది. నేను కూడా నా సర్వీసులో ఇలాంటి పూలదండలు ఎన్నో చూపించి ఉంటాను.

రిటైర్డ్_ఫర్నేస్
ఏప్రిల్ 27, రాత్రి 8:30

స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర చేసి రిటైరయ్యాను. మా ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. నిప్పుల కొలిమికి ఈ పేర్లేమిటని కొత్తగా చేరినవాళ్లంతా నవ్వేవాళ్లు. తర్వాత అలవాటైపోయేది, "గోదావరి ఎలా ఉందిరా ఇవాళ" అని ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగేవాళ్లం.

నేను ప్లాంట్ మనిషినని తెలిస్తే చాలు, ప్రసంగాల్లో కొలిమి సంగతి వచ్చినప్పుడల్లా నావైపు చూస్తారు. కంసాలి వెండి కరిగిస్తూ, అందులో తన ముఖం కనిపించేదాకా ఆగుతాడని చెప్తారు కదా. మలాకీ 3:3లో కూర్చుని శుద్ధి చేసేవాడు ఉన్నాడు గానీ, ఆ ముఖం సంగతి లేదు. సరే, అది వదిలేద్దాం. "శ్రమల అగ్నిలో నీ మలినం కాలిపోతుంది" అన్నదాని దగ్గరే నా పేచీ అంతా.

కాలిపోదు. ముప్పై ఏళ్లు చూశాను. పైనుంచి ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయి వేస్తాం. కింద నుంచి వేడిగాలి కొడతాం. ఖనిజంలో ఇనుముతో పాటు ఇసుక లాంటి చెత్త ఉంటుంది. ఎంత వేడి పెట్టినా అది తనంతట తాను ఇనుముని వదలదు. సున్నపురాయి ఎందుకు వేస్తామంటే, ఆ వేడిలో అది విడిపోయి, చెత్తని పట్టుకుని, దాంతో కలిసి స్లాగ్ అయిపోతుంది. స్లాగ్ తేలిక, పైకి తేలుతుంది. హాట్ మెటల్, అంటే కరిగిన ఇనుము, బరువు, కింద ఉంటుంది. ట్యాపింగ్ చేసినప్పుడు, అంటే బయటికి వదిలినప్పుడు, రెండూ ఎర్రగానే వస్తాయి, కొత్తవాడికి తేడా తెలియదు. కొన్నాళ్లు చూస్తే పారే తీరులోనే తెలిసిపోతుంది.

తెల్లగా, శుభ్రంగా లోపలికి వెళ్లిన సున్నపురాయి మళ్లీ సున్నపురాయిగా బయటికి రాదు. అది చెత్తలో కలిసిపోయింది కాబట్టే ఇనుము విడిపోయింది. 2 కొరింథీ 5:21, "పాపమెరుగని ఆయనను మనకోసము పాపముగాచేసెను". ఈ వచనం నాకు మందిరంలో అర్థం కాలేదు. బి షిఫ్ట్‌లో, రన్నర్ (కరిగిన ఇనుము పారే కాలువ) పక్కన నిలబడి ఉండగా అర్థమైంది. ఒళ్లు జలదరించింది. ఆ వేడిలో!

కానీ మాస్టారు అన్నట్టు వస్తువుని మోసగించకూడదు కదా. ఉన్నదున్నట్టు చెప్తాను. సున్నపురాయి ఇష్టపడి రాలేదు, మేం లారీల్లో తెచ్చి వేశాం. మూడో రోజు లేవదు కూడా. స్లాగ్‌ని నీళ్లతో కొట్టి ఇసుకలా చేసి సిమెంట్ కంపెనీలకి అమ్ముతాం. అక్కడికి పోలిక ఆగిపోతుంది. ఆగిన చోట ఆపేయాలి. మా అల్లుడు పాస్టరు, ఆ సిమెంట్‌తో సంఘం కట్టబడుతుందని కూడా కలిపేశాడు. వద్దురా బాబూ అన్నాను.

సీతమ్మధార_చెల్లి
ఏప్రిల్ 27, రాత్రి 8:52

బాబాయ్ గారూ, చివరి లైను చదివి మా ఆయనకి వినిపించాను, ఇద్దరం నవ్వుకున్నాం. పైది మాత్రం ఇంకా తల్లో తిరుగుతోంది.

జాలారిపేట_వల
ఏప్రిల్ 28, సాయంత్రం 6:30

నాన్న ఇందాక నుంచి చెప్తానంటున్నాడు, రాస్తున్నాను.

ఇప్పుడు వేట లేదమ్మా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం. బోట్లన్నీ హార్బర్‌లో ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. బయటోళ్లు మాకు సెలవులనుకుంటారు. ఇంజిను దింపాల, చెక్క చూసుకోవాల, రంగు వెయ్యాల, వలలు బాగుచేసుకోవాల. ఇది పని కాదేటి?

మార్కు సువార్తలో యేసయ్య పేతురిని, అంద్రెయని పిలిచినప్పుడు వాళ్లు వల వేస్తున్నారు. కొంచెం ముందుకెళ్లి యాకోబుని, యోహానుని పిలిచినప్పుడు వాళ్లు దోనెలో కూకుని వల బాగుచేసుకుంటున్నారు. అందరూ పేతురు గురించే చెప్తారు. నాకు ఆ రెండో దోనె ఇష్టం. ఒడ్డున కూకుని చిరుగులు చూసుకునేవోణ్ణి కూడా ఆయన పిలిచాడు.

చిరుగు ఎలగ కుడతామో చెప్తాను. బట్ట కుట్టినట్టు రెండు అంచులూ లాగి ముడేస్తే వల పాడైపోద్ది. అక్కడ ముడత వస్తాది, బరువంతా దానిమీదే పడతాది, మళ్లీ అక్కడే చిరుగుద్ది, ఈసారి పెద్దగా. అందుకని మేం ముందు కత్తి తీసి చిరుగుని ఇంకొంచెం కోస్తాం. తెగి వేలాడే దారాలన్నీ తీసేసి, మంచి కన్ను (వల గడి) తగిలేదాకా. చూసేవోళ్లకి, చిరిగినదాన్ని ఇంకా చింపేస్తున్నాడేటి అనిపిస్తాది. తర్వాత సూదికి దారం ఎక్కించి ఒక్కో కన్నూ అల్లుకుంటూ వస్తాం. కొత్త కన్ను పాత కన్నంతే ఉండాల. బిగించి ముడేసినా, వదులుగా వేసినా పక్క కన్ను మీద పడతాది. ఎడం చేతి వేళ్లే కొలత. మా అయ్య వేళ్లతో నేర్పాడు, నా వేళ్లు కొంచెం లావు, అలవాటు పడ్డానికి రెండేళ్లు పట్టింది.

రాయి తగిలి చిరిగినదానికంటే పీతలు కొరికినదానితోనే ఎక్కువ పని. పెద్ద చిరుగు అందరికీ కనపడతాది. పీత కొరికింది వల నీళ్లలో పడ్డాకే తెలుస్తాది.

(ఇది నా మాట: నాన్నకి కళ్లజోడు వచ్చింది గానీ వల దగ్గర తీసేస్తాడు. చేతితోనే చూస్తాడు.)

గోపాలపట్నం_మాస్టారు
ఏప్రిల్ 28, రాత్రి 9:15

చెల్లెమ్మా, నీకు శుక్రవారానికి దొరికేసింది.

మార్కు 1:19లో వల "బాగుచేయడం" అన్నచోట గ్రీకులో ఉన్న క్రియ కతార్తీజో. గలతీ 6:1లో, తప్పులో చిక్కుకున్న సహోదరుణ్ణి సాత్వికమైన మనస్సుతో "మంచిదారికి తీసికొని రావలెను" అన్నచోట పౌలు వాడింది కూడా అదే క్రియ. మన తెలుగులో రెండు చోట్లా వేరు వేరు మాటలు పడ్డాయి కాబట్టి ఆ చుట్టరికం కనిపించదు. ముప్పై ఏళ్లుగా నేను దీన్ని క్లాసులో ఒక్క వాక్యంలో చెప్పి దాటేస్తున్నాను. కోసి కుట్టాలనీ, పక్క కన్ను మీద బరువు పడకూడదనీ నాకు తెలియదు. తెలిసిన మనిషి ఈ ఊళ్లోనే ఉన్నాడు, ఎప్పుడూ అడగలేదు.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్కటి, ముసలివాణ్ణి, ఆపలేను. 1805లో లండన్ మిషన్ వాళ్లు జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అనే ఇద్దరు మన విశాఖపట్నంలోనే దిగారు. ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని సెరంపూర్‌లో అచ్చయ్యాయి. క్రాన్ 1809లో, డిగ్రాంజెస్ 1810లో పోయారు. ఇద్దరూ అచ్చు చూడలేదు. వల, దోనె, పిండి, ఉప్పు లాంటి మాటల కోసం వాళ్లు ఈ వీధుల్లో ఎవరెవర్ని అడిగి ఉంటారో అని నాకు తరచూ అనిపిస్తుంది.

దేవుని_బిడ్డ_77
ఏప్రిల్ 29, ఉదయం 7:05

ప్రైజ్ ది లార్డ్. పక్షిరాజు తప్పయితే క్షమించండి. కానీ మన వైజాగ్‌కి దేవుడే స్వయంగా చెప్పిన పాఠం హుద్‌హుద్. ఈ నగరం పాపం పండింది కాబట్టే ఆ తుఫాను వచ్చింది, అదీ ఆదివారం రోజునే. మా బ్రదర్ చాలా బలంగా చెప్పారు. సిస్టర్ ఇది చెప్తే అందరూ వణుకుతారు.

మురళీనగర్_మామ్మ
ఏప్రిల్ 29, ఉదయం 11:40

నాయనా, నేను ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నాను. నాకు 71. హుద్‌హుద్‌కి నేను ఇక్కడే, మూడో అంతస్తులో ఉన్నాను. 2014 అక్టోబర్ 12. అవును, ఆదివారమే. మందిరానికి కట్టుకోవాలని ముందురోజు ఇస్త్రీ చేసి పెట్టుకున్న చీర తడిసి ముద్దయింది. కిటికీ అద్దం పగిలి లోపలికొచ్చింది గాలి. మా ఆయన మంచానికి అతుక్కుపోయి ఉన్నారు అప్పటికే, పక్షవాతం. ఆయన మీద పరుపు ఒకటి కప్పి దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

గాలి తగ్గాక నీళ్లు లేవు, కరెంటు లేదు, ఫోను లేదు. మా సంఘంవాళ్లకి ఎవరి ఇబ్బంది వాళ్లకే, ఎవరినీ అనను. రెండో రోజు కింద వాటాలో ఉండే కుర్రాడు, శబరిమల మాల వేసుకునే పిల్లాడు, రెండు బిందెలతో మెట్లెక్కి వచ్చాడు. ఎక్కడో బోరింగు దగ్గర మూడు గంటలు లైన్లో నిలబడి తెచ్చాడు. "తాతగారికి స్నానం చేయించాలి కదా మామ్మగారూ" అన్నాడు. తాగడానికని అనలేదు. స్నానానికని అన్నాడు. ఆ పరిస్థితిలో ముసలాయన శుభ్రం గురించి ఆలోచించాడు ఆ పిల్లాడు. నాలుగు రోజులు తెచ్చాడు.

దొంగలు కొట్టి దారిలో పడేసినవాణ్ణి పరాయివాడొకడు ఆదుకున్న మంచి సమరయుడి కథ నేను సండే స్కూల్లో ఎన్నేళ్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ నేను సమరయుణ్ణే. నూనె, ద్రాక్షారసం నా చేతిలోనే ఉండేవి. దారిలో పడి ఉన్నవాడు నేనే అయ్యే రోజు వస్తుందని, వచ్చేవాడు మనవాడు కాకపోవచ్చని ఆ బిందెలు చూశాక తెలిసింది.

ఇక పాపం పండడం అంటావా. సిలోయములో గోపురం పడి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు యెరూషలేములో అందరికంటే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా అని ప్రభువు అడిగి, కాదన్నాడు. లూకా 13 చదువు. ఏలీయా ప్రవక్త ముందు గాలి వచ్చి కొండలు బద్దలైనప్పుడు ఆ గాలిలో యెహోవా లేడు, అది కూడా చదువు. మీ బ్రదర్ ఆ ఆదివారం ఏ ఊళ్లో ఉన్నారో అడుగు.

వాల్తేరు_సందేహం
ఏప్రిల్ 29, మధ్యాహ్నం 12:10

మామ్మగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇలాంటిది పాఠమైతే నాకు అభ్యంతరం లేదు. తేడా ఏంటా అని ఆలోచించాను. పూలదండ పెద్దమనిషి పాఠాన్ని నాకు చెప్పాడు. మీరు మీకు తగిలింది చెప్పారు.

వేదిక నిర్వాహకులు
ఏప్రిల్ 29, మధ్యాహ్నం 3:00

వాట్సాప్ ఫార్వర్డ్‌లు ఇక్కడ అతికించవద్దని మనవి. తుఫాను మీద మరో నాలుగు వ్యాఖ్యలు వ్యక్తిగతంగా మారినందున తొలగించాం. మిగతా చర్చ కొనసాగించండి.

దేవుని_బిడ్డ_77
ఏప్రిల్ 30, రాత్రి 11:20

మామ్మగారూ, అడిగాను. ఆ రోజు ఆయన హైదరాబాద్‌లో ఉన్నారట. క్షమించండి.

ఇది ఫార్వర్డ్ కాదు, నాదే. చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. నేను ఆటో తోలతాను. బండి వెనకాల పెద్ద అక్షరాలతో "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని రాయించుకున్నాను. ఎర్ర రంగు, పసుపు అంచు. పోయిన నెల ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఒకాయన ఎక్కాడు. దిగేటప్పుడు ఇరవై రూపాయలు తక్కువిచ్చాడు. మాట్లాడుకున్నది అంతేనని ఆయన, కాదని నేను. గొంతు పెంచాను. నోటికొచ్చింది అన్నాను, ఇక్కడ రాయలేను. జనం పోగయ్యారు. ఆయన పర్సులోంచి ఇరవై తీసి నా చేతిలో పెట్టి, బండి వెనక్కి వెళ్లి నిలబడి, చదివాడు. గట్టిగా, ఒక్కో అక్షరం. చదివి, "లేమి లేదన్నావు కదయ్యా" అన్నాడు. తిట్టలేదు. నవ్వలేదు. వెళ్లిపోయాడు.

ఆ ఇరవై రూపాయలు నాలుగు రోజులు డాష్‌బోర్డు మీదే ఉంది. ఖర్చు పెట్టబుద్ధి కాలేదు, కానుక వెయ్యబుద్ధి కాలేదు. ఆ రాత చెరిపించేద్దామా అని పెయింటర్ దగ్గరికి కూడా వెళ్లాను. చెరపడానికి మూడొందలన్నాడు. ఉంచేశాను. ఇప్పుడు ఎవరితోనైనా గొంతు లేస్తుంటే వీపుకి అది ఆనుకున్నట్టు అనిపిస్తోంది.

మూడు_కుంచాలు
మే 1, ఉదయం 6:30

తమ్ముడూ, నువ్వు ఇన్నాళ్లు పంపిన ఫార్వర్డ్‌లన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. పొద్దున్నే ఇడ్లీ పెట్టేదాన్ని ఆగి చదివాను.

రాత్రి_డ్యూటీ
మే 1, ఉదయం 8:40

అవును. "వీపుకి ఆనుకున్నట్టు."

సీతమ్మధార_చెల్లి
మే 2, రాత్రి 9:50

శుక్రవారం అయింది. వలే చెప్పాను. జాలారిపేట బాబాయ్ గారు చెప్పినట్టు, ముందు కొయ్యాలి, తర్వాత ఒక్కో కన్నూ అల్లాలి, కొత్త కన్ను పాత కన్నంత ఉండాలి. తర్వాత గలతీ 6:1. మా కూడికలో ఒకక్క ఉంది, ఏడాది కిందట కూతురి విషయంలో గొడవై సంఘంలో అందరూ ఆవిడతో మాట్లాడడం తగ్గించేశారు. ఆవిడ పేరు నేను తియ్యలేదు, ఎవరివైపూ చూడలేదు. నిజానికి నేను కూడా మాట్లాడడం తగ్గించినదాన్నే. అక్కడికొచ్చేసరికి నా గొంతు సరిగ్గా రాలేదు. అయిదు నిమిషాలనుకున్నది మూడు నిమిషాలకే అయిపోయింది.

అయ్యాక ఆ అక్కే నా దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "నువ్వు వల కుట్టడం ఎప్పుడైనా చూశావా?" అని అడిగింది. లేదన్నాను. "సూది పట్టుకున్నట్టు చెయ్యి తప్పు చూపించావు. మా పుట్టిల్లు భీమిలి, మావాళ్లు వేటకెళ్లేవాళ్లే" అని నా చెయ్యి పట్టుకుని సరిగ్గా చూపించింది. ఎడం చేతి వేళ్లు ఇలా, సూది కింద నుంచి పైకి. ఇద్దరం ఒక పావుగంట అక్కడే బెంచీ మీద గాల్లో వల అల్లుకుంటూ కూర్చున్నాం. అమ్మగారు లైట్లు ఆపుతున్నా లేవలేదు.

వచ్చే వారానికి ఫర్నేస్ బాబాయ్ గారి సున్నపురాయి చెప్దామనుకుంటున్నాను గానీ, చూడకుండా చెప్పడానికి ఇప్పుడు భయం వేస్తోంది. బాబాయ్ గారూ, ఎన్నిసార్లైనా ఫోన్ చేసి విసిగిస్తాను.

జాలారిపేట_వల
మే 2, రాత్రి 10:15

నాన్న అంటున్నాడు: ఆ అక్కనీ తీసుకుని రండమ్మా. పొద్దున్న ఆరుకల్లా వస్తే ఎండ ఎక్కదు. జూన్ 14 దాకా ఒడ్డునే ఉంటాం. సూదులు మా దగ్గరున్నాయి, మీరేటి తేనక్కర్లేదు. పీత కొరికిన వల ఒకటి కుట్టకుండా ఉంచుతాను.